పదిహేడో కాగితం

కిందటి వారం ప్రశాంతిని నల్లగండ్లలో, సి బ్లాకు ఏడో అంతస్తులో, డైనింగ్ టేబుల్ ముందు వదిలిపెట్టాం. ఆమె ముందు ధన్విత మెడికల్ కాలేజీ వాళ్ళు పంపిన కవరు ఉంది. వంటింట్లో మూడు రోజుల అంట్లు ఉన్నాయి. పనిమనిషి యాదమ్మ సోమవారం నుంచి రాలేదు. ఎనిమిదేళ్ళలో ఎన్నడూ చెప్పకుండా మానని మనిషి. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్ అని వస్తోంది.

అవతలి ఫోను మోగదు గానీ తన ఫోనుకి మాత్రం తీరిక లేదు. సోమవారం మధ్యాహ్నం ఏదో ల్యాండ్‌లైన్ నుంచి నాలుగుసార్లు మోగింది. శంకర్‌పల్లిలో ప్లాట్లు అమ్మేవాళ్ళే అయి ఉంటారని ఎత్తలేదు. అలాంటి ఫోన్లు ఎత్తితే నేరుగా పేరు పెట్టి పిలుస్తారు, వద్దంటే సైట్ విజిట్‌కి కారు పంపుతామంటారు. ఈ ఊళ్ళో తెలియని నంబరు ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు.

కాలేజీలో మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీలో డాక్టర్లు, లాయరుతో పాటు ఇవేవీ కాని ఒక మామూలు మనిషి కూడా ఉండాలని నియమం. ఆ మనిషి లేకపోతే కోరం లేనట్టే, సమావేశం చెల్లదు. రెండేళ్ళ కిందట, ఇదే అపార్ట్‌మెంట్లో వాకింగ్ చేసే మమత, ఆ కమిటీ కార్యదర్శి, "మీరేం చేయక్కర్లేదండి, వచ్చి కూర్చుంటే చాలు" అని ప్రశాంతిని పిలిచింది. ప్రశాంతి వచ్చి కూర్చుంది. అయితే ఇచ్చిన కాగితాలన్నీ చదివి మరీ వచ్చి కూర్చుంది. అది మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఈసారి వచ్చిన కాగితాలు రమ్య అనే పరిశోధక విద్యార్థినివి. ఐటీ టవర్లలో తెల్లవారుజాము షిఫ్టు చేసే హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళ నిద్ర, గుండె వేగం మీద అధ్యయనం. మొదటి విడత ఇరవై ఎనిమిది మందితో మూడు నెలలు నడిచి ఈ వారం ముగిసింది. రెండో విడతలో మూడు వందల మంది. దానికి అనుమతి కావాలి.

కవర్లో నమూనా అంగీకార పత్రం ఉంది, నాలుగు పేజీలు. దాంతో పాటు ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో సమయాల పట్టిక. ఇరవై ఏడు మంది జూన్ పదకొండున, ఉదయం అయిదూ యాభై నుంచి ఆరూ పది లోపు ఒప్పుకున్నారు. పదిహేడో నంబరుది ఒక్కటే మర్నాటి తేదీ.

బుధవారం మధ్యాహ్నం ప్రశాంతి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, ఆ నాలుగు పేజీలూ పైకి చదివింది. ఎదురుగా అర్థం కాని మనిషి కూర్చున్నట్టు ఊహించుకుని, నిదానంగా, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ చదివింది. పదకొండు నిమిషాలు పట్టింది. ఆపిన తర్వాత ఇల్లు ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దంగా అయిపోయిందంటే, ఆమెకి భయం వేసి ఫ్యాను ఒక పాయింటు పెంచింది. భర్త హేమంత్ ఆఫీసుకి వెళ్తే రాత్రి వస్తాడు. వచ్చాక కూడా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. కూతురు అఖిల పూణే హాస్టల్లో ఉంది. ఆ ఇంట్లో పదకొండు నిమిషాల పాటు మనిషి గొంతు వినిపించి ఎన్నాళ్ళయిందో! యాదమ్మ వచ్చే సాయంత్రాల్లో తప్ప.

*

నెలనెలా జరిగినట్టే మూడో గురువారం, మూడింటికి సమావేశం. ప్రశాంతి రెండు నిమిషాల ముందే వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ముందు మడతపెట్టిన అట్టముక్క మీద 'శ్రీమతి ప్రశాంతి' అని ఉంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో ఆమె 'సి-704 మేడమ్'. హేమంత్ ఆఫీసు పార్టీల్లో 'హేమంత్ గారి మిసెస్'. ఈ అట్టముక్క మీద మాత్రం పేరే ఉంది. అటెండరు కొమురయ్య టీ తెచ్చి, "మీది చెక్కర తక్వ, గదే తెచ్చిన" అని పక్కన పెట్టాడు. ఆమె టీలో చక్కెర సంగతి గుర్తుపెట్టుకునే చోటు ఇదొక్కటే.

అధ్యక్షుడు డాక్టర్ భాస్కర్ కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయన ఎన్నడూ గొంతు పెంచరు. పెంచాల్సిన అవసరం కూడా ఆయనకి రాదు.

"అంతా క్లియర్‌గానే ఉంది కదండి. మొదటి విడతలో ఇరవై ఏడు మంది పూర్తి చేశారు. ఒక్కరు మాత్రం, పదిహేడో నంబరు, స్వచ్ఛందంగా తప్పుకున్నారు. ఇబ్బందులేం రాలేదు. ఇక సంతకాలు పెట్టేద్దాం."

"ఒక్క మాటండీ," అంది ప్రశాంతి.

లాయరు ఆంజనేయులు సమోసా కొరకబోతూ ఆగాడు. "అయిపోయింది. మమత గారూ, ఇంకో రౌండు టీ చెప్పండి. ప్రశాంతమ్మ ఒక్క మాటంటే అరగంట. ఈమె గనక లా చదివుంటే నా బోర్డు ఎప్పుడో పీకేసేవాళ్ళు."

అందరూ నవ్వారు. ప్రశాంతి కూడా కొంచెం నవ్వింది. నవ్వి, పట్టిక తీసి టేబుల్ మధ్యకి జరిపింది.

"ఈ పత్రం చదివి వినిపించడానికి పదకొండు నిమిషాలు పడుతుందండీ. నేను చదివి చూశాను. ఒక్కొక్కరికి విడిగా చదివి చెప్పాలని మీ పద్ధతిలోనే రాశారు. ఇరవై ఏడు మందికి దాదాపు అయిదు గంటలు కావాలి. ఇక్కడ ఇరవై నిమిషాల్లో అయిపోయింది."

"అందరినీ కూర్చోబెట్టి ఒకేసారి చదివి ఉండొచ్చు కదండి," అన్నారు భాస్కర్ మృదువుగా.

ప్రశాంతి టేబుల్ చివర నిలబడి ఉన్న రమ్య వైపు తిరిగింది. పాతికేళ్ళుంటాయి. సిద్దిపేట దగ్గరి పిల్ల. చున్నీ కొసని వేలికి చుట్టుకుంటూ ఉంది.

"చదివావా అమ్మా?"

రమ్య భాస్కర్ వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

"లేదు మేడమ్."

ఆంజనేయులు సమోసా పళ్ళెంలో పెట్టేశాడు.

"నేను చదువుదామనే పోయిన మేడమ్, ఒట్టు. పొద్దుగాల ఆరింటికి వాళ్ళ షిఫ్టు. ఒక్క నిమిషం లేటైతే సగం దినం కోత. సూపర్‌వైజర్ శ్రీనన్న, 'గిట్ల ఒక్కొక్కరికి సదువుకుంట కూసుంటే నా ఫ్లోర్లు ఎవరు తుడుస్తరు' అన్నడు. హాజరు పుస్తకంల ఎట్లాగూ వేలిముద్ర ఏస్తరు గద, దాని కిందనే నా కాగితాలు పెట్టిండు. హాజరుకొకటి, దీనికొకటి, రెండు ముద్రలు ఏసి పోయిండ్రు."

"వాళ్ళకేమని చెప్పారు?"

"ఏం చెప్పలే. బ్యాండులు ఇచ్చేటప్పుడు మాత్రం శ్రీనన్నే చెప్పిండు. ఇది హాజరు బ్యాండు, ఇప్పితే ఆ దినం ఆబ్సెంటు అని." రమ్య గొంతు తగ్గింది. "అందుకే మేడమ్, నా డేటాల ఒక్క గంట గూడ గ్యాప్ లేదు. మా గైడ్ సార్ మస్తు మెచ్చుకున్నడు. స్నానం చేసేటప్పుడు గూడ ఎవ్వరు ఇప్పలే."

ఆమె సంచిలోంచి ఒక బ్యాండు తీసి టేబుల్ మీద పెట్టింది. నల్ల రబ్బరు పట్టీ. మధ్యలో చిన్న అద్దంలాంటి చతురస్రం. వెనక తెల్ల అక్షరాల్లో కాలేజీ ఫోను నంబరు.

ప్రశాంతి దాన్ని చూసింది. అలాంటిదే ఒకటి, మూడు నెలలుగా రోజూ సాయంత్రం, తన వంటింటి సింకులో సబ్బు నురగ కింద మునిగి తేలుతూ ఉంది. తీసి పక్కన పెట్టుకోరాదా యాదమ్మా, పాడవుతుంది అంటే, "అమ్మో, ఇప్పొద్దంటమ్మా. కంపెనీ హాజరు" అని యాదమ్మ మణికట్టు వెనక్కి లాక్కునేది. యాదమ్మ పొద్దున పనిచేసే టవర్లలో ఇప్పుడు ఇలాంటివి పెడుతున్నారు కాబోలు అనుకుంది ప్రశాంతి. అంతకు మించి అడగలేదు.

"సరే," అన్నారు భాస్కర్. "పద్ధతిలో చిన్న లోపం జరిగింది. ఒప్పుకుంటాను. రమ్య అందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళి చదివి వినిపించి, కొత్తగా సంతకాలు తీసుకుంటుంది. ఆ షరతు మీద అనుమతి ఇద్దాం. అందరూ ఒకలాగే చేశారని కూడా కాదండి. పదిహేడు చూడండి. శుభ్రంగా జరిగింది. చదువురాని మనిషి కాబట్టి, చదువు వచ్చిన బయటి మనిషి సాక్షిగా సంతకం పెట్టారు. తేదీ కూడా వేరు."

"ఆమె ఒక్కతే మేడమ్ లైన్లకెళ్ళి పక్కకు జరిగింది," అంది రమ్య. "శ్రీనన్న ఎంత కోపం చేసినా ముద్ర ఏయలే. 'ఏమున్నదో తెల్వంది నేనెట్ల ఏస్త? నల్లగండ్లల మా అమ్మ ఉన్నది. మస్తు సదువుకున్నది. ఆమె సదివి చెప్తది, గప్పుడు ఏస్త' అన్నది. అందరు నవ్విండ్రు. మర్నాడు తెచ్చిచ్చింది. 'మా అమ్మ సదివింది, మంచిదేనన్నది' అని ఎంత ఖుషీగా చెప్పిందో!"

మమత ఆ కాగితం తీసి ప్రశాంతి ముందుకు జరిపింది.

నాలుగో పేజీ. కింద వేలిముద్ర, పొడుగ్గా, కాస్త పక్కకి జారి ఉంది. దాని పక్కన అచ్చులో ఒక వాక్యం: 'పై విషయాలన్నీ నా సమక్షంలో, ఆమెకు అర్థమయ్యే భాషలో పూర్తిగా చదివి వినిపించడం జరిగింది.' ఆ వాక్యం కింద సాక్షి సంతకం. పేరు విడిగా రాయలేదు. వంకీలు తిరిగి, చివర పొల్లు పైకి లేచిన సంతకం మాత్రమే ఉంది.

అది ఎవరిదో ఆ గదిలో చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు.

జూన్‌లో ఆ సాయంత్రం వాన పడుతోంది. ఎనిమిది రోజులుగా ఫోను చేయని అఖిల అప్పుడే వీడియో కాల్ చేసింది. ఫోను ఫ్రిజ్ మీద నీళ్ళ సీసాకి ఆనించి మాట్లాడుతుంటే, యాదమ్మ తడవకుండా కొంగు కింద దాచి తెచ్చిన కాగితాలు పట్టుకుని వెనక నిలబడింది.

"అమ్మా, జర గిది సదివి చెప్పుండ్రి."

"రేపు చూద్దాం యాదమ్మా. పాప లైన్లో ఉంది."

"రేపు పొద్దుగాలనే ఇయ్యాలంట అమ్మా. కంపెనీ కాగితమంట."

ప్రశాంతి ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి ఆనించి, వేలు చూపించిన చోట గీసేసింది. అరసెకను కూడా పట్టలేదు.

"మంచిదేనా అమ్మా?"

"మంచిదేలే. వేసెయ్."

ఆ తర్వాత రెండు నిమిషాలకి అఖిల, "ఓకే మా, మెస్ టైం అయింది, బై" అని పెట్టేసింది.

కమిటీలో ఒక్క కామా తప్పు పోయినా పట్టుకునే మనిషి, నాలుగు పేజీలు చదివి చెప్పమని వాన్లో వచ్చిన మనిషికి ఒక్క వాక్యమైనా చదవలేదు. చదివానని సంతకం పెట్టింది. ఇరవై ఎనిమిది మందిలో అడిగింది ఒక్కతే. ఆ ఒక్కతీ అడిగింది తననే.

"చూశారు కదండి," అంటున్నారు భాస్కర్. "అన్నీ ఇలా ఉండేలా రెండో విడతలో జాగ్రత్త పడదాం." అనుమతి పత్రం, దాని మీద పెన్ను ఆమె ముందుకి వచ్చాయి.

ఏం చెప్పక్కర్లేదు. ఎవరికీ తెలియదు. యాదమ్మకి కూడా ఇది తెలిసే దారి లేదు. పెన్ను తీసుకుంటే వచ్చే నెల మళ్ళీ ఇదే కుర్చీ, ఇదే చక్కెర తక్కువ టీ. తీసుకోకపోతే మూడో గురువారాలు కూడా మిగతా రోజుల్లాగే అయిపోతాయి. కాలింగ్ బెల్ మోగితే కొరియరు వాడే అయి ఉంటాడు.

ఆమె టీ కప్పు పక్కకి జరిపింది. అట్టముక్క పక్కకి జరిపింది. ఎందుకు జరుపుతోందో తనకే తెలియలేదు.

"ఈ సంతకం నాదండీ," అంది.

ఆ కాగితం అందరికీ కనిపించేలా టేబుల్ మధ్యకి జరిపింది.

"యాదమ్మ మా ఇంట్లో పనిచేస్తుంది. నేను ఇది చదవలేదు. చదివి వినిపించలేదు. ఊరికే పెట్టేశాను."

రమ్య తల చటుక్కున పైకి లేచింది. ఆ పిల్ల మొహంలో రంగు పోవడం ప్రశాంతి గమనించింది. పాపం, మూడు నెలల కష్టం కళ్ళ ముందు కూలిపోతోంది కదా అనుకుంది. కారణం అది కాదని తర్వాత గాని తెలియలేదు.

భాస్కర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రశాంతి గారూ. మీరు చదివి వినిపించలేదని ఎవరు చెప్పొచ్చారండి? ఎప్పటి మాటో. మీకు సరిగ్గా గుర్తు లేకపోవచ్చు. నాలుగు ముక్కలు చెప్పే ఉంటారు."

"నేనే చెప్తున్నాను కదండీ."

"ఆలోచించండి. మీరే సాక్షి అంటే, ఈ అధ్యయనంతో మీకు సంబంధం ఉన్నట్టు. సంబంధం ఉన్న సభ్యులు ఈ అంశం అయ్యేదాకా బయట కూర్చోవాలి. అది మన నియమం."

"నియమాల పుస్తకంలో పన్నెండో పేజీ. చదివానండీ."

"ఆమె బయటికి వెళ్తే మనకి కోరం ఉండదు సార్," అంది మమత మెల్లగా. "మామూలు సభ్యులు వేరే ఎవరూ లేరు. ఇవాళ అనుమతి ఇవ్వడం కుదరదు."

ఆంజనేయులు పెద్దగా ఊపిరి వదిలాడు. "ఇంత కాలంలో తన మీద తనే కేసు పెట్టుకున్న మనిషిని మొదటిసారి చూస్తున్నానమ్మా," అన్నాడు. అది హాస్యమో కాదో అతనికే తేలినట్టు లేదు.

భాస్కర్ కళ్ళజోడు పెట్టుకున్నారు. గొంతు అంతే మృదువుగా ఉంది. "మీ టర్మ్ ఎలాగూ వచ్చే నెలతో అయిపోతుంది కదండి. ఇన్నాళ్ళు చాలా శ్రమ తీసుకున్నారు. థాంక్యూ."

"మినిట్స్‌లో ఏమని రాయమంటారు?" అని అడిగింది మమత. చూపు మాత్రం కాగితం మీదే ఉంచుకుంది.

"నేను చదవలేదని రాయండి," అంది ప్రశాంతి. లేచి, సంచి భుజానికి తగిలించుకుని, తలుపు తనే తీసుకుని బయటికి వచ్చింది.

*

బయట పొడుగాటి వరండా. కిటికీలోంచి కొత్తగూడ ఫ్లైఓవరు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదులుతున్నాయి. ఒక్కో కారులో ఒక్కో మనిషి. ఆమె గోడవారగా ఉన్న స్టీలు బెంచీ మీద కూర్చుంది. ఫోను తీసింది. ఈ సంగతి ఎవరికి చెప్పాలి? హేమంత్‌కి చేస్తే, "మీటింగ్‌లో ఉన్నా, అర్జెంటా?" అంటాడు. అర్జెంటేమీ కాదు. సాయంత్రం యాదమ్మ వస్తే, గిన్నెలు తోముతుండగా, స్టూలు మీద కూర్చుని ఈ సంగతి చెప్పి ఉండేది. ఏం జరిగినా చెప్పుకునేది ఆమెకే. ఈ ఒక్క సంగతీ చెప్పాల్సింది కూడా ఆమెకే.

'నిన్ను మోసం చేశానే యాదమ్మా' అనే మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగా పక్కన ఎవరో కూర్చున్నారు. రమ్య. కళ్ళు తుడుచుకుని వచ్చినట్టుంది.

"నన్ను తిట్టుకో తల్లీ," అంది ప్రశాంతి. "నీ మూడు నెలలూ పాడు చేశాను."

"దానికి కాదు మేడమ్." రమ్య చుట్టూ చూసింది. "లోపల ఉన్నప్పుడు మీరు కమిటీ మెంబరు. పేషెంటు వివరాలు మీకు చెప్పొద్దు. ఇప్పుడు దీంట్ల మీరు మెంబరు కాదు గద?"

"కాదు."

"పదిహేడో నంబరు తప్పుకోలే మేడమ్. రిపోర్టుల గట్ల రాయమన్నరు, రాసిన." ఆ పిల్ల చున్నీ కొసని మళ్ళీ వేలికి చుట్టుకుంది. "సోమవారం పదకొండూ ఇరవైకి ఆమె పడిపోయింది. టవర్లనే, ఆరో అంతస్తుల. బ్యాండు గుండె లెక్క మొత్తం తలకిందులైంది. అంతకుముందు తొమ్మిది దినాల సంది ఊకె కూసున్నా గుండె ఉరుకుతనే ఉన్నది. నేను మా గైడ్ సార్‌కి చూపించిన. 'మనం కొలిచేటోళ్ళం, వైద్యం చేసేటోళ్ళం కాదు. చెప్తే డేటా పాడైతది' అన్నడు. నేను ఊకున్న మేడమ్."

ప్రశాంతి చేతిలోని ఫోను ఒళ్ళోకి జారింది.

మూడు రోజులుగా తను అంట్లు చూసి విసుక్కుంది. ఫోను స్విచ్ఛాఫ్ చేసుకుందని ఉక్రోషపడింది. రానీ, చెప్తాను, అని నాలుగు మాటలు సిద్ధం చేసుకుని కూడా పెట్టుకుంది.

"ఇప్పుడెక్కడుంది?"

"బ్యాండు వెనక మా నంబరు చూసి, దవాఖానోళ్ళు మా ఆఫీసుకి ఫోన్ చేసిండ్రంట. ఆమె ఇంటోళ్ళ నంబరు గావాలన్నరంట. క్లర్కు నన్నడిగితే ఇచ్చిన. ఇంటోళ్ళకి తెలిసింది గద, చూసుకుంటరు లే అనుకున్న." రమ్య సంచిలోంచి ఒక కాగితం తీసింది. "ఇందాక మీరు యాదమ్మ మా ఇంట్లో పనిచేస్తది అని చెప్తుంటే నాకు... ఒక్కసారి చూడండి మేడమ్."

అది వివరాల పత్రం. మొదటి రోజు రమ్య చేత్తో రాసుకున్నది.

పేరు: యాదమ్మ. వయసు: యాభై ఉండొచ్చు. ఇల్లు: సి-704, ఏడో అంతస్తు, నల్లగండ్ల. అవసరమైతే పిలవాల్సిన దగ్గరి మనిషి: ప్రశాంతమ్మ. ఫోను నంబరు ఒక్కో అంకె తన వేళ్ళకి కంఠతా వచ్చిన నంబరు.

సంబంధం అనే గడి ఖాళీగా ఉంది.

"ఏమైతది ఆమె నీకు అని అడిగితే నవ్వింది మేడమ్. 'ఏమని రాస్తవు బిడ్డా, నీకు మంచిగనిపించింది రాయి' అన్నది. నాకు ఏం రాయాలో తెల్వలే. ఇడిసిపెట్టిన."

ప్రశాంతికి యాదమ్మది వనపర్తి వైపు అని తెలుసు. భర్త ఏదో బిల్డింగు పనిలో పోయాడని తెలుసు. చింతపండు పులుపు ఎక్కువైతే ఇష్టమని తెలుసు. శేరిలింగంపల్లిలో ఏ బస్తీలో ఉంటుందో, ఇంట్లో ఎవరున్నారో, ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. తన సంగతులు చెప్పుకోవడంతోనే సాయంత్రాలు అయిపోయేవి. యాదమ్మ ఇల్లు ఎక్కడ అని ఎవరైనా వెతుక్కుంటూ వస్తే, వాళ్ళు వచ్చి తన తలుపే కొడతారు.

సోమవారం.

ఆమె ఫోను తీసి కాల్స్ జాబితా వెనక్కి జరిపింది. సోమవారం, పన్నెండూ నలభై. పన్నెండూ యాభై. ఒంటిగంటా పది. ఒంటిగంటన్నర. నాలుగూ ఒకే ల్యాండ్‌లైన్ నంబరు. నాలుగూ ఎర్రటి అక్షరాల్లో. శంకర్‌పల్లి ప్లాట్లు.

వేలు ఆ నంబరు మీద పెట్టింది. అటువైపు చాలాసేపు మోగింది. కట్టయిపోతుందేమో అనుకునేలోపు ఒక ఆడగొంతు, వెనక గోలలోంచి, "హలో, ఎవరమ్మా? జల్దీ చెప్పుండ్రి" అంది.

"యాదమ్మ అని... సోమవారం తెచ్చారట. చేతికి నల్ల బ్యాండు ఉంటుంది. ఎట్లా ఉందండీ?"

"ఓ, బ్యాండామెనా!" ఆ గొంతు వెనక్కి తిరిగి ఎవరినో కేకేసింది. "సిస్టరూ, ఆ బ్యాండామె తరఫున ఫోన్ వచ్చింది!" మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. "ఏడికి పోయిండ్రమ్మా మీరందరు? నాలుగు దినాల సంది ఎవ్వరు లేరు ఆమె దగ్గర. తెలివొచ్చినప్పుడల్లా మా అమ్మ వస్తది, మా అమ్మ సదివి చెప్తది అని ఒకటే మాట. ఈ సాయంత్రం గుండెకి స్టెంట్ ఏసేది ఉన్నది. ఆమెనేమో కాగితం మీద వేలు పెట్టనంటది. మీరొచ్చి సదివి, పక్కన సంతకం పెట్టాలె."

"వస్తున్నాను," అంది ప్రశాంతి. అప్పటికే లేచి నిలబడింది.

"ఆగుండ్రి, ఇక్కడ రాసుకోవాలె." పెన్ను క్లిక్కుమన్న చప్పుడు వినిపించింది. "మీరు ఆమెకి ఏమైతరు?"

ప్రశాంతి నోరు తెరిచింది. చేతిలోని కాగితం మీద ఖాళీ గడి ఆమె వైపే చూస్తోంది. ఫోన్లో ఆ గొంతు మళ్ళీ అడిగింది, ఈసారి కొంచెం గట్టిగా.

"అమ్మా, మిమ్మల్నే. ఏమైతరు?"